అమ్మ ఫోన్లోకి వచ్చిన కొరియా

ఈ మాట సంక్రాంతి సెలవులకు ముందే చెప్పాలి. సెలవులైపోయాక చెప్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

దేవరుప్పుల మండలంలో ఈ నెలల్లో పగటిపూట ఏ ఇంటి తలుపు తట్టినా పెద్దవాళ్లు దొరకరు. పొద్దున్నే సద్ది కట్టుకొని పత్తి చేలకు పోతారు, పొద్దుగూకినాక వస్తారు. బడి లేని రోజు ఇంటికాడ ఉండేది పిల్లలే. నాయిన ఫోను నాయిన జేబులో పోతుంది. అమ్మ ఫోను మాత్రం చేలో పోతుందేమోనన్న భయంతో ఇంట్లోనే ఉంటుంది, పిల్ల చేతిలో.

ఆ పిల్ల ఆ ఫోనుతో ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి లెక్కపెట్టండి. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ పెట్టాలి, అది పెట్టేది పిల్లే. అమ్మిన పత్తి పైసలు ఆధార్‌కు ముడిపడ్డ ఖాతాలో పడతాయి, పడ్డట్టు మెసేజ్ చదివి చెప్పేది పిల్లే. ఎకరానికి ఆరు వేల చొప్పున రైతు భరోసా వచ్చిందో రాలేదో చూసేది పిల్లే. ఎరువుల దుకాణంలో, కిరాణంలో స్కాన్ చేసి పైసలు కొట్టేది కూడా పిల్లే. పిన్ నంబరు తల్లికి యాదికుండదు, పిల్లకు యాదికుంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఆ ఇంటికి బ్యాంకు గుమస్తా అన్నమాట, జీతం లేదు, పైనుంచి అజమాయిషీ చేసేవాళ్లూ లేరు.

అదే ఫోన్లో ఆ పిల్ల ప్రాణం పెట్టుకున్న లోకం ఇంకొకటి ఉంది. బీటీఎస్, బ్లాక్‌పింక్ అనే కొరియా బృందాల పాటలు, తెలుగులోకి డబ్ అయిన కొరియా సీరియళ్లు, జపాన్ యానిమే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తల్లిదండ్రులకు, టీచర్లకు, హాస్టల్ వార్డెన్లకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పాటల వల్ల మీ పిల్లకు ఏమీ కాదు. కానీ ఆ ఇష్టం, ఆ పిన్ నంబరు ఒకే చేతిలో ఉన్నాయన్న సంగతి మీకంటే ముందు దొంగకు తెలిసింది.

మా తమ్ముడి బిడ్డ సంగతి చెప్తాను. తొమ్మిదో తరగతి. నోటుబుక్కు వెనక పేజీల్లో బీటీఎస్ గాయకుల ఏడు పేర్లు కొరియా లిపిలో రాసుకుంటుంది, ఒక్కో పేరుకు ఒక్కో రంగు స్కెచ్ పెన్ను. "నేను ఆర్మీ పెద్దనాయినా" అని ఆమె మొదటిసారి అన్నప్పుడు పిల్ల మిలిటరీలోకి పోతానంటోందని మా తమ్ముడు పొంగిపోయాడు. బీటీఎస్ అభిమానులను ఆర్మీ అంటారని తెలిశాక వాడి మొహం చూడాలి. అది వేరే కథ.

పోయిన ఏడు పత్తి రోజుల్లో ఆ ఏడుగురిలో ఒకరి పేరు పెట్టుకున్న ఖాతా నుంచి ఆమెకు మెసేజ్ వచ్చింది. తెలుగులోనే వచ్చింది, మెషీను అనువదించిన తెలుగు. "మీరు రాసిన వ్యాఖ్యను నేను చదివాను. మీ హృదయం చాలా అందమైనది. దయచేసి ఈ విషయం ఎవరికీ చెప్పవద్దు, నా సంస్థ అనుమతించదు." నాలుగు రోజులు ముచ్చట్లు నడిచాయి. అయిదో రోజు అభిమాని సభ్యత్వ కార్డు అన్నాడు, 499 రూపాయలు. క్యూఆర్ కోడ్ పంపాడు. వారం తిరక్కుండా ఒక అట్టపెట్టె ఫోటో వచ్చింది. దాని మీద పిల్ల పేరు, ఊరు పేరు, పిన్‌కోడ్ అచ్చు వేసి ఉన్నాయి. పార్శిల్ ఢిల్లీలో కస్టమ్స్ వాళ్లు ఆపారన్నాడు, 1,850. ఆ తర్వాత తిరిగి ఇచ్చేస్తామన్న డిపాజిట్, 3,000. మొత్తం 5,349 రూపాయలు. నాలుగోసారి పైసలు అడగలేదు, ఫోటో అడిగాడు. స్కూలు డ్రెస్సు లేకుండా ఉన్నది కావాలన్నాడు.

అక్కడ పిల్లకు అనుమానం వచ్చింది. ఖాతాను బ్లాక్ చేసింది, ముచ్చట్లన్నీ చెరిపేసింది, నోరు మూసుకుంది. పందొమ్మిది రోజులు. యూరియా కొననీకి పోయిన రోజు పైసలు తక్కువ పడి సంగతి బయటపడింది. తల్లి రెండు దెబ్బలు వేసింది, ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసింది, నాకు కబురు పెట్టింది. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేశాం. ఫిర్యాదు రాసుకున్నారు. పందొమ్మిది రోజుల్లో ఆ పైసలు ఎన్ని ఖాతాలు మారి ఏ ఏటీఎంలోంచి బయటికొచ్చాయో ఎవరు చెప్పాలి!

"ఎట్ల నమ్మినవ్ బిడ్డా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి "నన్ను మీరు అన్నడు పెద్దనాయినా" అంది.

నిజమే కదా. పద్నాలుగేళ్ల ఆడపిల్లను ఈ ఊళ్లో ఎవరు మీరు అంటారు? ఇంట్లో ఏయ్, బడిలో రోల్ నంబరు, బావి కాడ ఫలానావాళ్ల బిడ్డ. కొరియా గాయకుడు మీరు అన్నాడు, మీ హృదయం అన్నాడు. మోసగాడి మెషీను తెలుగుకు తెలియకుండానే వచ్చిన ఆ మర్యాదకు పిల్ల పడిపోయింది.

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?" అన్నాను. దీనికి మాత్రం వెంటనే జవాబొచ్చింది. "చెప్తే ఫోను గుంజుకుంటరు. పాటలు బందైతయ్."

ఈ ఒక్క జవాబు కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. పైసలు పోయిన తెల్లారే ఆమె చెప్పి ఉంటే పైసలు ఏ ఖాతాలోనో ఆగి ఉండేవేమో. చెప్పకపోవడానికి కారణం దొంగ మీద భయం కాదు, మన మీద భయం. ఎవరికీ చెప్పొద్దని వాడు మొదటి మెసేజ్‌లోనే రాశాడు, ఆ మాట నిలబడేట్టు చూసింది మాత్రం మన తిట్లు. ఇంట్లో ఎగతాళి ఎంత ఎక్కువైతే వాడికి అంత పెట్టుబడి.

పైసలతో పోతే అదృష్టం. 2024 జనవరి మొదటి వారంలో తమిళనాడు కరూర్ జిల్లాలోని ఒక పల్లె నుంచి ఎనిమిదో తరగతి చదివే ముగ్గురు ఆడపిల్లలు ఇల్లు విడిచి వెళ్లారు. ముగ్గురికీ పదమూడేళ్లు. చేతిలో 14,000 రూపాయలు. బీటీఎస్‌ను చూడాలి, అదే లక్ష్యం. మద్రాసు పోయి, అక్కడి నుంచి మన విశాఖపట్నం పోయి, ఓడ ఎక్కి సియోల్ చేరాలన్నది పథకం. మద్రాసు చేరారు, ఓ లాడ్జిలో రాత్రి గడిపారు. తెల్లారేసరికి ధైర్యం సన్నగిల్లి ఇంటి దారి పట్టారు. తిండి కోసం కాట్పాడి స్టేషన్లో దిగితే రైలు కాస్తా వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద పోలీసుల కంట పడ్డారు కాబట్టి క్షేమంగా ఇల్లు చేరారు.

విశాఖ నుంచి కొరియాకు ప్రయాణికుల ఓడ లేదు. సియోల్ అసలు సముద్రపు ఒడ్డునే లేదు, దాని రేవు ఇంచాన్. ఈ రెండు ముక్కలు ఏ సోషల్ టీచరైనా బోర్డు మీద గీసి చూపిస్తాడు. ముగ్గురిలో ఒక్కరు ఒక్కసారి అడగగలిగి ఉంటే ఆ ప్రయాణం బ్లాక్‌బోర్డు మీదే ముగిసేది.

అదే ఏడాది డిసెంబరు ఆఖరున మహారాష్ట్రలోని ధారాశివ్ జిల్లా ఉమర్గాలో ఇంకో సంగతి జరిగింది. ఉమర్గా అంటే ఎక్కడో కాదు, హైదరాబాద్ నుంచి పుణే పోయే రోడ్డు మీదే ఉంటుంది. ముగ్గురు పిల్లలను ఎవరో బలవంతంగా వ్యానులో ఎక్కించుకుపోయారని పోలీసులకు ఫోన్ వచ్చింది. ఫోన్ చేసింది ఆ పిల్లలే. పదకొండు నుంచి పదమూడేళ్ల వాళ్లు. పుణే పోయి, పని చేసి, పైసలు కూడబెట్టి కొరియా పోదామనుకున్నారట. బస్సులో పక్కనున్న ఒకామె ఫోను అడిగి తీసుకొని పోలీసులకు ఆ అబద్ధం చెప్పారు. సోలాపూర్ జిల్లా మోహోళ్ బస్టాండులో దుకాణం నడిపే ఒక మహిళ సాయంతో పోలీసులు వాళ్లను బస్సు దింపించారు.

ఒకటి జనవరి మొదట్లో, ఇంకొకటి డిసెంబరు ఆఖర్లో. నేను సంక్రాంతికి ముందే అని తొందరపడుతున్నది ఊరికే కాదు.

కరూర్ పిల్లలకు 14,000 కావలసి వచ్చింది. మన పిల్లలకు హైదరాబాద్ దాకా రూపాయి అక్కర్లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ పైసలు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, దేవరుప్పుల నుంచి జనగామ, అక్కడి నుంచి ఉప్పల్. జనగామలో రైలెక్కితే సికింద్రాబాద్, ఆపైన దేశమంతా. పథకాన్ని తప్పుపడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ బస్సులుండబట్టే మన ఆడపిల్లలు జనగామ కాలేజీలకు పోయి చదువుకుంటున్నారు. నేను అడిగేది కండక్టర్లను, ఆటో అన్నలను, బస్టాండు కాడ చాయ్ అమ్మే అక్కలను. సంచులు పట్టుకొని, పెద్దవాళ్లు వెంట లేకుండా ముగ్గురు చిన్న పిల్లలు కనిపిస్తే "ఎటు బిడ్డా, ఎవరింటికి?" అని ఒక్క మాట అడగండి. జవాబు తడబడితే పోలీసుల నంబరు 112కో పిల్లల హెల్ప్‌లైన్ 1098కో కొట్టండి. మోహోళ్‌లో ఆ దుకాణం ఆమె లేకపోతే ఆ పిల్లలు రాత్రిపూట పుణేలో దిగేవాళ్లు.

ఇక్కడ తండ్రులతో ఒక మాట. పిల్లల పిచ్చి చూసి నవ్వేముందు మన పిచ్చి గుర్తు తెచ్చుకోవాలి. 1989లో శివ సినిమా చూసి సైకిల్ చైన్లు పీకింది ఎవరు? జనగామ టాకీసుల ముందు కటౌట్లకు పాలు పోసింది, బెనిఫిట్ షోకు పొలం పని ఎగ్గొట్టింది, హీరో పేరు మీద పక్కూరివాళ్లతో కొట్టుకుంది ఎవరు? మన అభిమానానికి కులం గొడవలు కూడా తోడయ్యేవి, ఈ పిల్లల అభిమానానికి కనీసం ఆ జబ్బు లేదు. పైగా ఈ రాకపోకలు ఒకవైపువే కావు. 2023లో మన నాటు నాటు పాటకు ఢిల్లీలోని కొరియా రాయబారి తన సిబ్బందితో కలిసి స్టెప్పు వేశాడు. బీటీఎస్ జంగ్‌కుక్ లైవ్‌లో ఆ పాట పెట్టుకొని ఊగాడు. సమంత నటించిన ఓ బేబీ కొరియా సినిమా కథే. షించాన్, డోరేమాన్ తెలుగు మాట్లాడుతుంటే చూస్తూ పెరిగిన పిల్లలు పెద్దయి డీమన్ స్లేయర్ అనే యానిమే చూస్తున్నారు. 2025 సెప్టెంబరులో దాని సినిమా తెలుగు డబ్బింగుతో థియేటర్లకు వచ్చింది కూడా. ఇది ఆపితే ఆగే వాగు కాదు, ఆపాల్సిన అవసరమూ లేదు.

ఆపాల్సింది వాగు పక్కన వలలు వేసి కూచున్నవాళ్లను. వాళ్ల పద్ధతులు తెలియాలి.

నకిలీ గాయకుడి సంగతి చెప్పాను కదా, అది ఎందుకు పని చేస్తుందంటే అసలు సేవ ఒకటి నిజంగానే ఉంది. బబుల్ లాంటి యాప్‌లలో నెలకింత అని కడితే గాయకుడు పంపే మెసేజ్ అభిమాని ఫోనుకు వస్తుంది. అది వేలమందికి ఒకేసారి పోయే మాటే, కానీ చూసే పిల్లకు తనొక్కదానికే రాసినట్టు కనబడుతుంది. అలాంటివి ఉన్నాయని విన్న పిల్లకు తన ఇన్‌స్టాగ్రామ్‌కు ఒక మాట వస్తే వింతగా తోచదు. గుర్తుపట్టే పద్ధతి ఒక్కటే. ఏ గాయకుడూ తానై ముందుగా పలకరించి, సొంత క్యూఆర్ కోడ్ పంపి పైసలు అడగడు. కస్టమ్స్ అధికారులు కూడా సొంత ఖాతాలకు పైసలు వేయమనరు. వాళ్లు పంపే ప్రతి కాగితం మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది నిజమో కాదో వాళ్ల వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు.

రెండోది ఆడిషన్. 2022లో ఒడిశా పిల్ల శ్రేయా లెంకా బ్లాక్‌స్వాన్ అనే కొరియా బృందానికి ఎంపికైంది. కొరియా పాప్ బృందంలో చేరిన మొదటి భారతీయురాలు ఆమే. దేశమంతా ఆమె వీడియోలు చూసింది. నాకెందుకు రాదు అని మన పిల్ల అనుకోవడంలో తప్పు లేదు. ఆ ఆశకు రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, వీసా ఫీజు అని వెల కట్టేవాడే దొంగ. కొరియాలోని పెద్ద సంస్థలు ఆడిషన్‌కు పైసలు తీసుకోవు. నృత్యం వీడియో అని మొదలుపెట్టి, ఒంటి కొలతలు, ఆపైన బట్టలు తగ్గించిన ఫోటోలు అడిగితే ఇక అది పైసల మోసం కూడా కాదు, అంతకంటే ఘోరం.

ఫోటో కార్డుల వ్యాపారం ఇంకో రకం. ఆల్బంలో వచ్చే అరచేతంత బొమ్మ కోసం పిల్లలు ఎంత తహతహలాడతారో చూస్తే మా చిన్నప్పటి అగ్గిపెట్టె బొమ్మల పిచ్చి యాదికొస్తుంది. పోస్టేజీ కలిసొస్తుందని ఇరవై మంది పైసలు కలిపి ఒకరి చేత కొరియా నుంచి తెప్పించుకుంటారు. దాన్ని గ్రూప్ ఆర్డర్ అంటారు. నిజాయితీగా నడిపేవాళ్లూ ఉన్నారు. కాని పైసలు ఇవ్వాళ, సరుకు మూడు నెలలకు. ఆ మూడు నెలల్లో గ్రూపే మాయమైతే అడగనీకి ముఖం, చిరునామా ఏమీ ఉండవు.

ఓట్ల సంగతి కూడా ఇంతే. అభిమాన గాయకుడిని గెలిపించాలని డేటా కాల్చి, పైసలిచ్చి మరీ ఓట్లు వేస్తారు. 2019లో ప్రొడ్యూస్ ఎక్స్ 101 అనే కొరియా టీవీ పోటీలో ప్రేక్షకుల ఓట్లను కార్యక్రమం నడిపినవాళ్లే తారుమారు చేశారని బయటపడింది. దర్శకుడికి మరుసటి ఏడు రెండేళ్ల జైలు శిక్ష పడింది. ఈ కథ పిల్లలకు చెప్పి చూడండి, తిట్టిన దానికంటే ఎక్కువ పని చేస్తుంది.

మగపిల్లలున్న ఇళ్లు నిమ్మళంగా ఉండొద్దు. వాళ్ల వల యానిమే. కొత్త భాగం ఉచితంగా చూపిస్తామని టెలిగ్రామ్‌లో ఒక ఫైలు పంపుతారు, దాని పేరు చివర ఏపీకే అని ఉంటుంది. ప్లే స్టోరులో లేనిదాన్ని ఫోన్లోకి ఎక్కించుకోవడమంటే ఎవరో తెలియని మనిషికి ఇంటి తాళం ఇచ్చినట్టే. ఎక్కించేటప్పుడు అది మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, పిల్లవాడు చూడకుండానే సరే కొడతాడు. ఇక బ్యాంకు పంపే ఓటీపీలు మీకంటే ముందు వాడు చదువుకుంటాడు. పత్తి పైసలు పడిన మెసేజ్ కూడా. ఇదే ఏపీకే ఎత్తును ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో పెద్దవాళ్ల మీదా వాడుతున్నారు, కాబట్టి పిల్లవాడిని ఒక్కడినే అనేదేం లేదు.

తిండి గురించి, క్రీముల గురించి రెండు మాటలు. అద్దంలాంటి చర్మం కావాలని, నడుము సన్నబడాలని రోజుకో ఆపిల్ పండుతో గడిపే డైట్లు ఫోన్లో తిరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఈ ఒంటికి ఆ డైటా! క్రీముల విషయం మరీ ప్రమాదం. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో కిడ్నీ జబ్బుతో వచ్చిన వాళ్లను డాక్టర్లు ఆరా తీస్తే, తెల్లబడేందుకు వాళ్లు పూసుకున్న క్రీముల్లో పాదరసం తేలింది. అవి కొరియావి కావు, తయారుచేసినవాడి పేరూ ఊరూ సరిగా లేని సరుకు. మన సంతల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ కొరియన్ అని పేరు అంటించి ఇలాంటివే అమ్మితే పోల్చుకునేదెలా? డబ్బా మీద తయారీదారు చిరునామా, దిగుమతి చేసినవాడి పేరు లేకపోతే కొననీయకండి.

ఇంటర్, డిగ్రీ దాటిన వాళ్లకు వల మారుతుంది. కొరియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం, నెలకు లక్షన్నర, భాష వస్తే ఇంకా ఎక్కువ అంటాడు ఏజెంటు. ఫ్యాక్టరీల్లోకి బయటి దేశాల కార్మికులను తీసుకోవడానికి కొరియా ప్రభుత్వం నడిపే ఈపీఎస్ పద్ధతిలో నేపాల్ ఉంది, శ్రీలంక ఉంది, బంగ్లాదేశ్ ఉంది. భారత్ లేదు. కాబట్టి ఆ పర్మిట్ ఇప్పిస్తానన్నవాడు అబద్ధమాడుతున్నాడు, ఇంకో మాట లేదు. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన ఇళ్లు మన రాష్ట్రంలో ఎన్ని లేవు! 2024లో కంబోడియా ముచ్చట బయటపడినప్పుడు విశాఖ పోలీసులు చెప్పిందేమిటి? డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకుపోయి, పాస్‌పోర్టు లాక్కొని, మన పిల్లల చేతే మనవాళ్లను ఫోన్లో మోసం చేయించారు. విదేశీ ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో కనబడాలి, అతడు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు.

ఇప్పటికే చెయ్యి కాలిన ఇల్లు ఉంటే, చదువుతున్నవాళ్లు ఇక్కడ ఆగి ఇది మాత్రం జాగ్రత్తగా వినాలి. పైసలు పోయాయని తెలిసిన నిమిషంలో 1930కి ఫోన్ చేయండి. పైసలు ఇంకా ఏదైనా ఖాతాలో ఉంటే వెంటనే ఆపే వీలుంటుంది, అందుకే గంటలు లెక్క. ముచ్చట్లు చెరపొద్దు. మా పిల్ల చేసిన పెద్ద తప్పు అదే. ఆ ముచ్చట్లు, ఆ క్యూఆర్ కోడ్, పైసలు పోయినప్పటి నంబర్లు, అన్నింటికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. రాతపూర్వకంగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఫోటోలు పోయి ఉంటే, వాటిని చూపి బెదిరిస్తుంటే, ఒక్క రూపాయి కూడా పంపకండి. ఒకసారి పంపితే రేటు పెరుగుతుంది తప్ప బెదిరింపు ఆగదు. పరువు పోతుందని తల్లిదండ్రులు స్టేషను మెట్లెక్కరు. పిల్ల పద్దెనిమిదేళ్ల లోపుదైతే పోక్సో చట్టం వర్తిస్తుంది, ఆ చట్టం ప్రకారం పిల్ల పేరు, ఊరు, బడి పత్రికలు రాయకూడదు, పోలీసులు బయటపెట్టకూడదు. ఆడపిల్లల రక్షణకు ఉన్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు చెప్పొచ్చు. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫోటోను ఎవరికీ పంపకుండానే దాని డిజిటల్ వేలిముద్ర మాత్రం తీసుకొని, ఆ సేవలో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల అది కనబడకుండా చేస్తారు. పిల్ల ముభావంగా ఉంటే, అన్నం తినకపోతే, రాత్రిళ్లు నిద్రపోకపోతే 14416, టెలి మానస్. తెలుగులోనే మాట్లాడతారు, పైసలు అక్కర్లేదు.

ఇవన్నీ అయినాక కూడా మీరు ఆ రాత్రి పిల్లతో ఏం మాట్లాడారన్నదే అసలు సంగతి. మా మరదలు రెండు దెబ్బలు వేసిందని రాశాను. తర్వాత ఆమే ఏడ్చింది. ఆ 5,349 రూపాయలకు ఎన్ని కిలోల పత్తి ఏరాలో ఆమె వేళ్లకు తెలుసు, పత్తి కాయల ముళ్లు గీసుకుపోయిన వేళ్లు. కోపం రాదని నేననను. కాని ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసిన మూడో రోజుకే పత్తి పైసల మెసేజ్ చూసేందుకు తాళం తీయాల్సి వచ్చింది. ఈ కాలంలో ఫోను గుంజుకోవడం ఎన్నాళ్లు సాగే శిక్ష?

మేం చేసింది చెప్తాను, పనికొస్తే తీసుకోండి. ఖాతా రెండు చేశాం. పత్తి పైసలు పడే ఖాతాకు ఇప్పుడు యూపీఐ లేదు. కిరాణం ఖర్చుల ఖాతా వేరు, అందులో ఎప్పుడూ వెయ్యి మించి ఉండదు, ఫోన్లో ఉండేది అదొక్కటే. పిన్ మార్చాం, మార్చిన పిన్ మరదలు గోడ గడియారం వెనక రాసుకుంది. అది తప్పేనని నాకు తెలుసు, ఆమెకు చెప్పాను కూడా, వినలేదు. పైసలు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, పోవడానికే కొట్టాలి అన్న ముక్క మాత్రం ఆమెకు ఇప్పుడు నోటికి వచ్చు. ఆదివారం రాత్రి పూట పిల్ల తనకిష్టమైన వీడియో ఒకటి ఇంట్లో అందరికీ చూపిస్తుంది. మా తమ్ముడు సగంలోనే గురక పెడతాడు, అయినా సరే.

పిల్లకు కొరియా అంటే నిజంగా ఇష్టమైతే దానికి దారులున్నాయి, దొంగ చెప్పే దారి తప్ప. 2020 జాతీయ విద్యా విధానం బడిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియా, జపాన్ భాషల పేర్లు రాసింది. హైదరాబాద్ ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో రెండూ నేర్పుతారు. కొరియా ప్రభుత్వమే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ అని ఫీజు, ఖర్చులు పెట్టుకొని డిగ్రీ, పీజీ చదివిస్తుంది. టోపిక్ అనే భాషా పరీక్ష రాసి ఉంటే ఆ పోటీలో పనికొస్తుంది. జపాన్‌లో నర్సు ఉద్యోగాలకు మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష నేర్పి పంపిస్తోంది. అంత దూరం ఎందుకు, వరంగల్ దగ్గర గీసుకొండలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2023 జూన్‌లో యంగ్‌వన్ అనే కొరియా కంపెనీ వచ్చింది. అనంతపురం వైపు పెనుకొండలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది. బట్టల నుంచి కార్ల దాకా కొరియావాళ్లతో లావాదేవీలు నడిచే రోజుల్లో, నాలుగు కొరియా ముక్కలు వచ్చిన పిల్లను చూసి నవ్వడంలో అర్థముందా?

మొన్న ఆదివారం మా పిల్ల నాకు ఆ లిపి నేర్పింది. 1446లో సెజోంగ్ అనే రాజు మామూలు జనం చదువుకోవాలని ప్రకటించిన లిపి అట, మూలాక్షరాలు ఇరవై నాలుగే. ఆమె పదిహేను రోజుల్లో ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుంది. అదే పిల్లకు లెక్కల్లో ముప్పై రెండు మార్కులు, అది మళ్లీ వేరే సంగతి. అమ్మను కొరియావాళ్లు ఒమ్మా అంటారట, నాయినను అప్పా. మన ఊరి పేరు రాయమంటే రాసి చూపించింది. చదవమన్నాను.

"దేబరుప్పుల" అని చదివింది.

"దేవరుప్పుల కదనే?"

"వాళ్లకు వ లేదు పెద్దనాయినా. బ తోటే రాయాలె."